మోచేయి, చెంచా, కోణమాని: మర్రిగూడ మండలంలో ఒక బయోమెడికల్ ల్యాబ్ చేసిన పని

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం, యాచారం దాటి, మాల్ దగ్గర పక్కకు తిరిగితే నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం వస్తుంది. ఆ మండలంలోని ఒక ఊళ్లో, ప్రభుత్వ ఉన్నత పాఠశాలను కేంద్రంగా చేసుకుని, తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల కీళ్లు బిగుసుకుపోయిన వాళ్ల కోసం మా విశ్వవిద్యాలయ బయోమెడికల్ ఇంజినీరింగ్ పరిశోధనా ల్యాబ్ ఒక విద్యా సంవత్సరం పాటు చేసిన పనిని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఊరి వాళ్ల కోరిక మేరకు ఊరి పేరు గానీ, మనుషుల పేర్లు గానీ రాయడం లేదు. ఈ పని బాధ్యత మొదటి నుంచి నాదే కాబట్టి ఇందులో జరిగిన పొరపాట్లకు కూడా నేనే బాధ్యుణ్ణి.

ఈ ప్రాంతం నేల సంగతి ముందుగా చెప్పాలి. ఇక్కడి గ్రానైటు శిలల్లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. వాన తక్కువ, ఎండ ఎక్కువ, బోర్లు లోతు. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి ఆ ఫ్లోరైడ్ కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చునని, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఆ హద్దును ఎంతో దాటిన నీళ్లనే ఇక్కడి తరాలు తాగాయి. దేహంలోకి చేరిన ఫ్లోరైడ్ ఎముకలోని ఖనిజంతో కలిసిపోతుంది, ఎముక చిక్కబడుతుంది గానీ పెళుసవుతుంది, కీళ్ల చుట్టూ ఉండే బంధకాలు సున్నం పట్టినట్టు గట్టిపడతాయి. వెన్ను, మెడ, మోచేతులు, మోకాళ్లు ఒక్కొక్కటిగా బిగుసుకుంటాయి. ఈ జిల్లాలోనే పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ప్రపంచం దృష్టికి తెచ్చారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌లతో నీటిని శుద్ధి చేసే పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' అన్న పేరు స్థిరపడింది.

మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు నల్లా ద్వారా వచ్చిన తర్వాత పరిస్థితి మారింది. మేము వెళ్లిన బడిలో ఆరు, ఏడు తరగతుల పిల్లలు నవ్వితే పళ్లు తెల్లగా ఉన్నాయి. అదే ఊళ్లో పుట్టి పెరిగిన పెద్దవాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. పంటి మచ్చలు పళ్లు తయారయ్యే చిన్న వయసులోనే పడతాయి కాబట్టి, ఊరికి మంచినీళ్లు ఎప్పుడొచ్చాయో పళ్లను చూసే చెప్పవచ్చు. అయితే మంచినీళ్లు కొత్త కేసులను ఆపుతాయే తప్ప, అప్పటికే బిగుసుకుపోయిన మోచేతిని వదులు చేయవు. మా పని అలా ముందే బిగుసుకుపోయిన మనుషులతో.

మొదటి రోజు

నిజానికి మేము వెళ్లింది వాళ్ల కోసం కాదు. విశ్వవిద్యాలయాలు బడులకు వెళ్లి విజ్ఞాన ప్రదర్శనలు పెట్టినట్టే మేము కూడా పెట్టాం. గుండె విద్యుత్ సంకేతం చర్మం మీద సుమారు ఒక మిల్లీవోల్టు మాత్రమే ఉంటుందనీ, దాన్ని పెంచి తెర మీద ఎలా చూపిస్తామో పిల్లలకు చూపించాం. ముంజేతి కండరాల సంకేతంతో పిడికిలి ముడిచే ప్లాస్టిక్ రోబో చేయిని బల్ల మీద పెట్టాం. పిల్లలు చాలా సంతోషించారు.

మధ్యాహ్న భోజనం వేళ మా పరిశోధక విద్యార్థిని ఒకరు వంట గదిలోకి మంచినీళ్ల కోసం వెళ్లింది. పప్పు కలుపుతున్న వంటామె వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. ఆమె గంటె కాడకు పాత చీర ముక్క చుట్టి, దానిపైన సైకిల్ ట్యూబు బిగించి, పట్టు మందం చేసుకుంది. వేలు పూర్తిగా మూయలేని చేతికి సన్న కాడ జారుతుందని, లావు కాడ నిలుస్తుందని ఆమె తనంతట తానే కనుక్కుంది. బయోమెడికల్ పాఠ్య పుస్తకాల్లో ఉండే మాట అదే. మా విద్యార్థిని ఆ గంటెను కొలిచి వచ్చి చెప్పింది: ట్యూబుతో కలిపి కాడ మందం నాలుగు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ.

ఆ రోజు సాయంత్రం తిరిగి వస్తూ మేము మాట్లాడుకున్నది రోబో చేయి గురించి కాదు, ఆ గంటె గురించి. రెండోసారి వెళ్లినప్పుడు ప్రదర్శన సామాను తీసుకెళ్లలేదు.

రెండోసారి ఊళ్లో అరుగుల మీద కూర్చున్నప్పుడు మాకు మొదట వచ్చింది కోపమే. ఒక పెద్దాయన సూటిగా అడిగాడు: "ఎంతమంది రాలె సారూ! మూత్రం తీస్కపోయిండ్రు, నెత్తురు తీస్కపోయిండ్రు, ఫొటోలు దీస్కపోయిండ్రు. ఏమొచ్చిందో ఒక్కలన్న మళ్లొచ్చి చెప్పిండ్రా?" ఈ కోపానికి వెనక చరిత్ర ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల గోస దేశానికి వినిపించాలని నల్లగొండ స్థానంలో బరిలో నిలిచిన అభ్యర్థుల సంఖ్య 480కి చేరింది, బ్యాలెట్ పత్రం పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చింది. తమ మాట లెక్కలోకి ఎక్కించడానికి అంత దూరం వెళ్లిన ప్రాంతంలో, కొలతలు తీసుకుని కనబడకుండా పోయేవాళ్లను ఎవరూ నమ్మరు. అందుకే ఆ రోజు మేము మూడు మాటలిచ్చాం. ముఖం కనబడేలా ఫొటో తీయం. ప్రతి కొలతా ఆ మనిషి చేతిలో తెలుగులో రాసిచ్చి వెళ్తాం. మళ్లీ వచ్చే తేదీని పంచాయతీ ఆఫీసు గోడ మీద రాసి వెళ్తాం. మూడో మాట నిలబెట్టుకోవడమే అన్నిటికన్నా కష్టమైంది. సెమిస్టర్ పరీక్షలు, సెలవులు, బస్సు అనుమతులు అడ్డం వచ్చినప్పుడు, ఒక్కోసారి నేనొక్కణ్ణే వెళ్లి కనిపించి రావాల్సి వచ్చింది.

కోణమానితో కొలత

కీలు ఎంత కదులుతుందో కొలిచే సాధనాన్ని గోనియోమీటర్ అంటారు. రెండు పుల్లలు, మధ్యలో డిగ్రీల చక్రం, అంతే. ఎనిమిదో తరగతి పిల్లల కంపాస్ బాక్సులో ఉండే కోణమాని దానికి తమ్ముడి వరస. కోణమాని మధ్య రంధ్రంలో ఒక చిన్న బోల్టు బిగించి, దానికి రెండు చెక్క స్కేళ్లు తగిలిస్తే పనిచేసే గోనియోమీటర్ అవుతుంది. పిల్లలు ఇంట్లో తమ తాతలను, నాయనమ్మలను కొలిస్తే రెండు లాభాలుంటాయని అనుకున్నాం. పిల్లలకు కోణాల పాఠం ఒంట బడుతుంది, మాకు మంచి సమాచారం వస్తుంది.

దీనికి ముందు నైతిక కమిటీ అనుమతి తీసుకున్నాం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అనుమతితో పాటు, 12 ఏళ్లు దాటిన పిల్లల నుంచి కూడా రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. మొదట మేము రాసిన అంగీకార పత్రాన్ని ఊళ్లో చదివి వినిపిస్తే ఎవరికీ అర్థం కాలేదు. హైదరాబాద్‌లో కూర్చుని రాసిన తెలుగు అది. బడి తెలుగు సారు ఆ పత్రాన్ని ఊరి మాటల్లోకి మార్చి ఇచ్చిన తర్వాత, వేలిముద్ర వేసేవాళ్లు కూడా ఎదురు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్నలు వచ్చినప్పుడే అంగీకారం నిజమైన అంగీకారమని నా అభిప్రాయం.

కొలతల్లో మొదటి వారమే తేడా బయటపడింది. ఒకే మోచేతిని ముగ్గురు పిల్లలు కొలిస్తే మూడు వేర్వేరు అంకెలు వచ్చాయి. వైద్య వాడుకలో 5 డిగ్రీల లోపు తేడాను కొలత తేడాగానే తీసుకుంటారు గానీ, మాకు వచ్చింది అంతకంటే చాలా ఎక్కువ. కారణం వెతికితే, బోల్టును కీలు మీద ఎక్కడ ఆనించాలో ఒక్కొక్కరు ఒక్కో చోట పెడుతున్నారని తేలింది. మా ల్యాబులో నడకను కొలిచేటప్పుడు ఎముక గుర్తుల మీద చిన్న మెరుపు గోళీలు అంటిస్తాం. వాటి బదులు పిల్లలకు బొట్టుబిళ్లలు ఇచ్చాం: భుజం ఎముక కొసన ఒకటి, మోచేతి బయటి బుడిపె మీద ఒకటి, మణికట్టు దగ్గర ఒకటి. అంకెలు దగ్గరపడ్డాయి.

ఈ ఆలోచన వచ్చినందుకు మేము చాలా సంబరపడ్డాం, మరుసటి శనివారమే తప్పు తెలిసింది. భర్త పోయిన ఒక అవ్వ బొట్టుబిళ్లను చూసి చేయి వెనక్కి లాక్కుంది. "నాకెందుకు బొట్టు బిడ్డా, నాకొద్దు," అన్నది. మనవరాలు సర్దిచెప్పబోతే ఇంకా ముడుచుకుపోయింది. బొట్టుబిళ్ల మాకు గుర్తు మాత్రమే, ఆమెకు అది తన బతుకులో ముగిసిన అధ్యాయం. ముందే ఊహించాల్సిన విషయం ఇది. ఆ సాయంత్రం నుంచి తెల్ల మెడికల్ టేపు మీద నల్ల చుక్క పెట్టి వాడాం. వారం తర్వాత ఆ అవ్వే పిలిపించి కొలిపించుకుంది.

రెండో తప్పు ఇంతకంటే పెద్దది. మా ఎం.టెక్. విద్యార్థి ఒకరు ఒక పెద్దాయన మోచేతిని కొలుస్తూ, ఇంకొంచెం చాచగలడేమోనని చేత్తో నొక్కాడు. ఆయన అరిచాడు, మరునాటికి కీలు వాచింది. ఆయనను వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాం, ఎముక విరగలేదని ఎక్స్‌రేలో తేలింది. విరిగి ఉండవచ్చు కూడా, ఎందుకంటే ఫ్లోరైడ్ పట్టిన ఎముక చూడటానికి గట్టిగా ఉన్నా ఒత్తిడికి తాళదు. ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పాం, ఒక నెల కొలతలు ఆపేశాం. ఆ తర్వాత నిబంధన ఒక్కటే: మనిషి తనంతట తాను కదిలించగలిగినంతే కొలవాలి, కొలిచేవాళ్ల చేయి ఒంటి మీద బలం పెట్టకూడదు. దీనికి తోడు పిల్లలకు ఇంకో సంగతి గట్టిగా చెప్పాం. కాళ్లలో కొత్తగా తిమ్మిర్లు వచ్చినా, నడక ఉన్నట్టుండి తప్పినా, మూత్రం మీద పట్టు పోయినా, అది కోణమాని పని కాదు. వెన్నుపూస పెరిగి నరాన్ని నొక్కుతున్నదేమోనన్న అనుమానంతో అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పెద్దబాపు మోచేయి

పదో తరగతి అమ్మాయి ఒకరు తన పెద్దబాపును కొలిచి తెచ్చింది. ఆయనకు యాభై దాటాయి, బత్తాయి తోట ఉంది. కుడి మోచేయి మడిస్తే 90 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, ఎడమది అంతకూ రాదు. మెడ వంగదు. చేయి పూర్తిగా చాచినప్పుడు 0 అనుకుంటే, రోజువారీ పనుల్లో ఎక్కువ భాగానికి మోచేయి 30 నుంచి 130 డిగ్రీల వరకు కదలాలని, అన్నం ముద్ద నోటికి చేరాలంటే ఆ పై కొస కావాలని మా రంగంలో అందరికీ తెలుసు. అంకె చూడగానే మాకు అర్థమైంది: ఈయన తన చేత్తో తాను తినలేడు.

ఆ అమ్మాయి కాగితం మీద ఇంకో మాట రాసింది. పెద్దమ్మ ఆయనకు అన్నం కలిపి పెడుతుంది, అందరూ తిన్నాక, వెనక వసారాలో. పెళ్లిళ్లకు వెళ్తాడు గానీ విస్తరి ముందు కూర్చోడు. మేము అడిగిన ప్రశ్నల్లో ఇది లేదు. మా ప్రశ్నావళిలో నడక, నొప్పి, నిద్ర ఉన్నాయి, అన్నం లేదు.

లెక్కను ఆ అమ్మాయే తరగతి బోర్డు మీద వేసింది. భుజం నుంచి మోచేయి వరకు 30 సెంటీమీటర్లు. మోచేయి నుంచి ముద్ద పట్టిన వేళ్ల కొస వరకు 40. మధ్యలో లంబకోణం. కర్ణం 50. పదో తరగతి పాఠంలో ఉన్న త్రిభుజమే పెద్దబాపు చేయి. అంటే ఆయన వేళ్లు భుజానికి 50 సెంటీమీటర్ల కంటే దగ్గరికి రావు. భుజం నుంచి నోటికి టేపుతో కొలిస్తే 27 వచ్చింది. చేయి ఎటు తిప్పినా వేళ్లకూ నోటికీ మధ్య కనీసం 23 సెంటీమీటర్ల ఎడం మిగులుతుంది. ముందుకు వంగినా లాభం లేదు, నడుము వంగితే భుజం, నోరు కలిసే కదులుతాయి. మెడ వంగితేనే నోరు భుజానికి దగ్గరవుతుంది, ఆ మెడ వంగదు. మామూలు చెంచా ఈ ఎడాన్ని పూడ్చలేదు.

హోటళ్లలో వడ్డించడానికి వాడే పొడుగు కాడ స్టీలు చెంచాను కొన్నాం. వెల్డింగ్ చేస్తే అతుకు దగ్గర తుప్పు పడుతుందని, అతుకు లేకుండా ఉన్న చెంచానే ఊళ్లోని వెల్డింగ్ షాపులో వైస్‌కు బిగించి కాడను లోపలికి వంచాం. ఆయన ముంజేయి కూడా సరిగా తిరగదు కాబట్టి, చెంచా గిన్నె నోటి దగ్గరికి వచ్చేసరికి సమంగా ఉండేలా వంపు కోణం పెట్టాలి. ఇది మూడుసార్లు తప్పింది. మొదటి చెంచా 30 సెంటీమీటర్ల పొడవుంది, దాని బరువుకే మణికట్టు అలిసి కొస కిందికి వాలి పప్పు చొక్కా మీద పడింది. ఆయన ఏమీ అనలేదు, లేచి చేయి కడుక్కున్నాడు. ఆ రోజు మేము అక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయాం.

రెండోసారి ఆయనే ఉపాయం చెప్పాడు. "అన్నం చేత్తోనే కలుపుకుంట సారూ. చెంచతోని కలిపితే అది బువ్వ గాదు. నోటికి మాత్రం చెంచ గావాలె." నిజమే, ఆయన చేయి పళ్లెం వరకు చక్కగా చేరుతుంది, చేరనిది నోటికే. మేము చెంచాను చేతికి బదులుగా ఊహించాం, ఆయన దాన్ని చేతికి కొనసాగింపుగా చూశాడు. అయితే కలిపిన చేయి తడిగా, జిడ్డుగా ఉంటుంది, స్టీలు కాడ జారుతుంది. వంటామె గంటె గుర్తుకొచ్చింది. కాడకు సైకిల్ ట్యూబు చుట్టి, దానిపై తీసి ఉతుక్కోగలిగే నూలు గుడ్డ తొడుగు వేశాం, ఆ తొడుగును వంటామే కుట్టి ఇచ్చింది. పొడవును 26 సెంటీమీటర్లకు తగ్గించాం. ఆ చెంచాతో ఆయన సాధన చేసింది మా ముందు కాదు, తోటలో, ఒంటరిగా. నెల తర్వాత వెళ్లినప్పుడు ఇంటి ముందు అరుగు మీద, వీధికి ఎదురుగా కూర్చుని తింటున్నాడు. మమ్మల్ని చూసి ఆపలేదు.

చేతికర్రల సంగతి

ఊళ్లో చాలామందికి ఏదో ఒక శిబిరంలో ఇచ్చిన అల్యూమినియం కర్రలు ఉన్నాయి. చాలావరకు గోడకు ఆనించి ఉన్నాయి. మనిషి చేతులు వదులుగా వేలాడేసి నిలబడినప్పుడు మణికట్టు ముడత ఎంత ఎత్తులో ఉంటుందో కర్ర పిడి అంత ఎత్తులో ఉండాలి, అప్పుడు పట్టుకున్న మోచేయి 20 నుంచి 30 డిగ్రీలు మడుస్తుంది. ఈ కర్రలను నిటారు మనిషికి సరిపోయే ఎత్తులో బిగించి ఇచ్చేశారు. నడుము వంగిపోయిన మనిషికి అది ఎత్తవుతుంది, భుజం పైకి లేచి నొప్పి పెడుతుంది. కర్ర మీది బటన్ నొక్కితే ఎత్తు తగ్గుతుందన్న సంగతి ఎవరూ చెప్పలేదు. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి, మనిషిని ఎలా ఉన్నవాణ్ణి అలాగే నిలబెట్టి కొలిచి, కర్రలను సరిచేశారు. మా పనంతటిలో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ మందికి పనికొచ్చింది ఇదే.

కర్ర కింది రబ్బరు బుష్ అరిగిపోతే షాబాదు బండల మీద, ముఖ్యంగా స్నానం చేసే చోట, జారుతుంది. బుష్షులు మాల్‌లో దొరుకుతాయని ఊళ్లో కిరాణా కొట్టాయనకు చెప్పి పెట్టించాం. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో కర్ర పట్టాలని పుస్తకం చెబుతుంది గానీ, ఆ చేతి వేళ్లు మూసుకోకపోతే పట్టు దొరికే చేతిలోనే పట్టమన్నాం.

మోచేయి మడత పడిపోయి చాచలేనివాళ్లకు మామూలు కర్ర పనికిరాదు. వాళ్ల కోసం పీవీసీ పైపును నిలువుగా చీల్చి, ముంజేయి ఆనించే దొన్నెలా చేసి, కర్ర పైన బిగించాం. ల్యాబులో రెండు బియ్యం బస్తాల బరువు మోపి రాత్రంతా ఉంచితే కదలలేదు. బలం పరీక్షలో నెగ్గింది గానీ, చీల్చిన అంచు ఒక ముసలాయన ముంజేతి పలుచటి చర్మాన్ని గీరింది. అంచులు గరుకు కాగితంతో రుద్ది, గుడ్డ తొడిగి మళ్లీ ఇచ్చాం. తొడుగు చెమటకు వాసన వస్తుందని రెండు తొడుగులు కావాలన్నాడు, ఇచ్చాం. ఒక నలభై ఐదేళ్ల మనిషి మాత్రం ఏ కర్రా ముట్టుకోలేదు. "కట్టె వట్టుకుంటే ముసలోన్నయితి," అన్నాడు. ఆయన మాటకు మా దగ్గర జవాబు లేదు, ఒత్తిడి కూడా చేయలేదు.

ఇప్పుడు బడిలో పన్నెండు కోణమాని సాధనాలు, ఒక టైలరు టేపు, ఒక రిజిస్టరు ఉన్నాయి. రిజిస్టరు తొమ్మిదో తరగతి వాళ్ల దగ్గర ఉంటుంది, పదో తరగతి వాళ్లు పరీక్షలకు వెళ్లేముందు దాన్ని వాళ్లకు అప్పగించారు. కిందటిసారి వెళ్లినప్పుడు అందులో కొత్తగా మూడు పేర్లున్నాయి. మొదటి ఇద్దరికీ కర్ర ఎత్తు తగ్గించాలి. మూడో పేరు పెద్దబాపుదే. ఆయన పేరు పక్కన పిల్లల చేతిరాత ఇలా ఉంది: "ఇంకో చెంచా కావాలట. ఒకటి తోటలో పెట్టుకోవడానికి."